భార కేంద్రకాల అభిఘాతాల్లో కణ విభాజనాలు

సీసం, బంగారం వంటి బరువైన కేంద్రకాలను కాంతివేగానికి అతి చేరువగా పరుగెత్తించి ఎదురెదురుగా ఢీకొట్టిస్తే ఒక్కో అభిఘాతంలో వేల కొత్త కణాలు పుడతాయి. ఏ దిక్కుకు ఎన్ని కణాలు పోయాయి, ఎంత ద్రవ్యవేగంతో పోయాయి, వాటిలో ఏ జాతివి ఎన్ని, ఈ లెక్క ఒక అభిఘాతానికీ మరోదానికీ ఎంత మారుతోంది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులను కలిపి కణ విభాజనాలు అంటారు.

ఢీకొన్న చోట పుట్టే అతివేడి పదార్థం ఆయుష్షు చాలా చిన్నది. సెకనును కోటి కోట్ల కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ నూరు ముక్కలు చేస్తే, అలాంటి ముక్కలు మూడో నాలుగో గడిచేసరికి అది చల్లబడి విడిపోతుంది. దాని లోపలికి పంపి కొలవగల సాధనం ఏదీ లేదు. డిటెక్టర్లకు చేరేవి చాలామటుకు అంతా ముగిశాక మిగిలిన పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్లే. ఫోటాన్లు, ఎలక్ట్రాన్లు, మ్యువాన్లు కొన్ని మధ్యలోనే తప్పించుకుని బయటపడతాయి కానీ వాటినైనా చదవగలిగేది విభాజనాల రూపంలోనే. క్వార్క్-గ్లూవాన్ ప్లాస్మా అనే ఆ పదార్థం గురించి ఇవాళ తెలిసిన ఉష్ణోగ్రత, స్నిగ్ధత, సాంద్రత అన్నీ ఈ వక్రాల ఆకారాల నుంచి వెనక్కి లెక్కగట్టి రాబట్టినవే. కణాల మొత్తం సంఖ్య కన్నా అవి ఎలా సర్దుకున్నాయన్నదే ఎక్కువ చెబుతుందని ఈ రంగం పదేపదే నిరూపించింది.

చరిత్ర

విశ్వకిరణాల్లో భార కేంద్రకాలు ఉన్నాయని 1948లో తేలింది. బెలూన్లలో పైకి పంపిన ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్లలో అవి ఢీకొన్న చోటు నుంచి నక్షత్రంలా విచ్చుకున్న జాడలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. ఇన్ని కణాలు ఒక్కసారిగా ఎలా పుడతాయో చెప్పడానికి 1950లో ఎన్రికో ఫెర్మీ గణాంక పద్ధతిని ప్రతిపాదించాడు: శక్తి అంతా చిన్న చోట పోగై, సాధ్యమైన స్థితులన్నిటిలోకీ సమానావకాశంతో పంచుకుంటుంది. 1953లో లెవ్ లాండౌ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ పోగైన పదార్థం ద్రవంలా వ్యాకోచిస్తుందన్నాడు. అప్పట్లో సాహసంగా కనిపించిన ఆ మాట యాభై ఏళ్ల తర్వాత ఈ రంగానికి ముఖ్యమైన పనిముట్టు అయింది. 1983లో జపాన్-అమెరికా ఎమల్షన్ ప్రయోగం ప్రకటించిన ఒక విశ్వకిరణ ఘటనలో, సిలికాన్ కేంద్రకం ఎమల్షన్‌లోని కేంద్రకాన్ని ఢీకొట్టి సుమారు 1000 విద్యుదావేశ కణాలను విరజిమ్మింది.

విశ్వకిరణం కోసం ఎదురుచూడక్కర్లేని రోజులు 1970లలో బర్క్లీలోని బెవలాక్‌తో మొదలయ్యాయి. ఢీకొన్న పదార్థం కట్టగట్టుకుని ఒక పక్కకు ఒరుగుతోందని 1984లో అక్కడి ప్లాస్టిక్ బాల్ ప్రయోగం చూపింది. 1986లో బ్రూక్‌హేవెన్‌లోని ఏజీఎస్, జెనీవా దగ్గర సెర్న్‌లోని ఎస్‌పీఎస్ తేలిక కేంద్రకాలతో రంగంలోకి దిగాయి. ఎస్‌పీఎస్‌లో సీసం పరుగు 1994లో మొదలైంది. 2000 జూన్‌లో బ్రూక్‌హేవెన్‌లోనే 3.8 కిలోమీటర్ల చుట్టుకొలత గల ఆర్‌హెచ్‌ఐసీ బంగారు కేంద్రకాలను ఎదురెదురుగా ఢీకొట్టించింది. 2010 నవంబరులో 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ సీసంతో అదే పని ఆర్‌హెచ్‌ఐసీ గరిష్ఠ శక్తికి 14 రెట్ల శక్తితో చేసింది.

కొలిచే అక్షాలు

కిరణపుంజం దిశలో కణాల వేగాలన్నీ కాంతివేగం దగ్గరే గుమిగూడతాయి కనుక వేగం పనికొచ్చే కొలత కాదు. దానికి బదులు రాపిడిటీ వాడతారు. కణం శక్తికి పుంజం దిశలోని ద్రవ్యవేగాన్ని ఒకసారి కలిపి, ఒకసారి తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఆ నిష్పత్తి సహజ సంవర్గమానంలో సగం తీసుకుంటే వచ్చేది రాపిడిటీ. పుంజం వెంట ఎంత వేగంగా కదిలే పరిశీలకుడికైనా విభాజనం మొత్తం ఒకే అంకె మేర పక్కకు జరుగుతుంది తప్ప ఆకారం మారదు. వేర్వేరు యంత్రాల ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చగలగడం ఈ గుణం వల్లే. కణం ఏ జాతిదో తెలియనప్పుడు కోణం ఒక్కటే చాలే సూడోరాపిడిటీని వాడతారు. పుంజానికి 90 డిగ్రీల దిశలో దాని విలువ సున్నా. విలువ 1 అంటే సుమారు 40 డిగ్రీలు, 2 అంటే 15 డిగ్రీలు, 5 అంటే ఒక డిగ్రీ కన్నా తక్కువ. 200 జీఈవీ ఆర్‌హెచ్‌ఐసీ పుంజం రాపిడిటీ 5.4, 2.76 టీఈవీ ఎల్‌హెచ్‌సీ పుంజానిది 8. ఈ శక్తులు ఢీకొనే ఒక్కో న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) జంటకు చెందినవి. ఒక జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, టీఈవీ దానికి వెయ్యి రెట్లు.

మిగిలిన రెండు అక్షాలు పుంజానికి అడ్డంగా ఉండే ద్రవ్యవేగం, పుంజం చుట్టూ తిరిగే దిక్కోణం. వీటితో పాటు అభిఘాతం ఎంత ముఖాముఖిగా జరిగిందన్నది తెలియాలి. రెండు కేంద్రకాల మధ్య ఎడాన్ని ప్రయోగకర్త ఎంచుకోలేడు, నేరుగా కొలవలేడు. అందుకని పుట్టిన కణాల సంఖ్యనే వాడుకుని ఘటనలను వరసలో పెడతారు: ఎక్కువ కణాలు వచ్చిన తొలి 5 శాతం ఘటనలు అత్యంత ముఖాముఖివి. ఎన్ని న్యూక్లియాన్లు పాల్గొన్నాయో రాయ్ గ్లాబర్ పేరిట ఉన్న జ్యామితీయ నమూనాతో లెక్కగడతారు. రెండు సీసం కేంద్రకాల్లో కలిపి 416 న్యూక్లియాన్లు ఉంటే, ముఖాముఖి ఘటనల్లో వాటిలో సగటున 383 దాకా పాల్గొంటాయి.

ఎన్ని కణాలు?

ఎల్‌హెచ్‌సీలోని ఆలిస్ డిటెక్టర్‌ను రూపొందించేనాటికి సిద్ధాంతాల అంచనాలు ఎంత చెదిరి ఉన్నాయంటే, ఒక రాపిడిటీ యూనిట్‌కు 8000 విద్యుదావేశ కణాలు వచ్చినా తట్టుకునేలా దాన్ని కట్టారు. 2010లో మొదటి కొలత వచ్చింది: 2.76 టీఈవీ దగ్గర ముఖాముఖి అభిఘాతాల్లో, మధ్య రాపిడిటీలో, ఒక సూడోరాపిడిటీ యూనిట్‌కు 1584. తర్వాత 5.02 టీఈవీ దగ్గర 1943. అంచుల్లో రాసుకుంటూ పోయిన ఘటనల్లో (70-80 శాతం వర్గం) 2.76 టీఈవీ దగ్గర ఇదే సంఖ్య 35 మాత్రమే. ఆర్‌హెచ్‌ఐసీలో కూడా పదేళ్ల ముందు ఇలాగే జరిగింది. ఫోబోస్ బృందం 2000లో 130 జీఈవీ దగ్గర కొలిచిన 555 ఎన్నో నమూనాల అంచనాకన్నా తక్కువగా తేలి, వాటిని పక్కనపెట్టించింది. అతివేగంగా కదిలే కేంద్రకంలో గ్లూవాన్లు కిక్కిరిసి ఒకదాన్నొకటి మింగుకోవడం వల్ల వాటి సంఖ్యకు హద్దు పడుతుందన్న సంతృప్తత ఆలోచనకు దీంతో బలం వచ్చింది.

శక్తితో ఈ సంఖ్య పెరిగే తీరు గమనించదగ్గది. పాల్గొన్న న్యూక్లియాన్ జంటకు ఇన్ని అని లెక్కగడితే, శక్తి రెట్టింపైనప్పుడు భార కేంద్రకాల్లో కణాలు సుమారు 24 శాతం పెరుగుతాయి, ప్రోటాన్-ప్రోటాన్ అభిఘాతాల్లో 15 శాతమే. అంటే కేంద్రకాల అభిఘాతం అంటే ప్రోటాన్ అభిఘాతాలు చాలా ఒకచోట జరగడం కాదు.

అన్ని కోణాలనూ కలిపితే 200 జీఈవీ బంగారంలో ముఖాముఖి ఘటనకు 5000 పైచిలుకు, 2.76 టీఈవీ సీసంలో 17,000 పైచిలుకు విద్యుదావేశ కణాలు వస్తాయి. ఫోబోస్ వక్రాలను పుంజం రాపిడిటీ నుంచి కొలిచిన దూరంగా మార్చి గీస్తే, 19.6, 130, 200 జీఈవీ వక్రాల అంచులు ఒకదానిమీద ఒకటి ఒదిగిపోతాయి. 1969లో బెనెకే, చౌ, యాంగ్, యెన్ ఊహించిన పరిమిత విచ్ఛిత్తి ఇదే. కణాలు ఎలా పుడతాయన్న ప్రశ్నకు ఇంత సరళమైన జవాబు దొరకడం అపురూపం. దాని వెనక కారణం మీద మాత్రం ఇంకా ఏకాభిప్రాయం లేదు.

రాపిడిటీ వక్రం ఆకారం

1983లో జేమ్స్ బ్యోర్కెన్ వేసిన బొమ్మలో మధ్య ప్రాంతం చదునైన పీఠభూమి. కేంద్రకాలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోగా, వాటి మధ్య మిగిలిన చోటు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుందన్నది ఆయన ఊహ. ఆ ఊహతో మధ్యలోని కణాల శక్తి నుంచి తొలి క్షణాల శక్తి సాంద్రతను ఒక్క సమీకరణంతో రాబట్టవచ్చు. ఆ లెక్కన ఆర్‌హెచ్‌ఐసీలో ఘన ఫెమ్టోమీటరుకు సుమారు 5 జీఈవీ వస్తుంది. మామూలు కేంద్రకంలో ఇది 0.15 ప్రాంతం. లాండౌ బొమ్మలో మాత్రం పీఠభూమి ఉండదు, గాసియన్ వక్రం ఉంటుంది. ఆర్‌హెచ్‌ఐసీలో అంచుల దాకా కణాల జాతులను గుర్తించి కొలిచిన బ్రామ్స్ ప్రయోగం పయాన్ల విభాజనం గాసియన్‌కే దగ్గరగా ఉందనీ, వెడల్పు లాండౌ అంచనాకు దగ్గరగా పడుతోందనీ చూపింది. అయినా బ్యోర్కెన్ సమీకరణాన్ని ఇప్పటికీ అందరూ వాడతారు. సున్నా చుట్టూ ఒకటి రెండు యూనిట్ల మేర వక్రం చదునుగానే ఉంటుంది కనుక ఆ వాడకం సబబే.

ప్రోటాన్ల సంఖ్యలోంచి యాంటీప్రోటాన్లను తీసేస్తే మిగిలేవి పుంజంలోంచి వచ్చిన అసలు సరుకు. ఏజీఎస్ శక్తుల్లో ఆ సరుకు మధ్యలోనే కుప్ప పోసుకుంటుంది. ఎస్‌పీఎస్‌లో మధ్యలో కొద్దిగా గుంట పడుతుంది. 200 జీఈవీ దగ్గర అది వెడల్పాటి లోయ. అక్కడ ఒక్కో న్యూక్లియాన్ తన 100 జీఈవీలో సగటున 73 పోగొట్టుకుంటుందని బ్రామ్స్ లెక్కగట్టింది. కొత్త కణాలన్నిటికీ పెట్టుబడి ఆ పోయిన శక్తే. ఎల్‌హెచ్‌సీలో మధ్య రాపిడిటీ దగ్గర ఆలిస్ కొలిచిన ప్రోటాన్లు 34, యాంటీప్రోటాన్లు 33. పదార్థం, ప్రతిపదార్థం దాదాపు సరిసమానం.

జాతుల లెక్క

అదే ఆలిస్ కొలతలో ఒక రాపిడిటీ యూనిట్‌కు ధన పయాన్లు 733, ధన కేయాన్లు 109. పయాన్ల నుంచి బరువైన ఒమేగాల దాకా, ఇంకా పైన హీలియం కేంద్రకాల దాకా ఈ దిగుబడులన్నీ ఒకే ఉష్ణోగ్రతతో, ఒకే ఘనపరిమాణంతో సరిపోతాయి. ఆ ఉష్ణోగ్రత సుమారు 156 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 1.8 లక్షల కోట్ల కెల్విన్లు. క్వార్కులు ప్రోటాన్, పయాన్ వంటి హాడ్రాన్లుగా మారే ఉష్ణోగ్రతను కంప్యూటర్లలో జాలక పద్ధతితో విడిగా లెక్కగడితే వచ్చేదీ అదే. ఇంత వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు సంఖ్యలు కలవడాన్ని ఈ శాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో ఒకటిగా చెప్పుకోవాలి.

అందులోనే ఒక చిక్కుముడి ఉంది. డ్యూటెరాన్‌ను పట్టి ఉంచే శక్తి 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులే. దానికి 70 రెట్ల ఉష్ణోగ్రతలో అది నిలవకూడదు. అయినా దాని దిగుబడి ఆ ఉష్ణోగ్రతనే చూపుతుంది. అది అప్పుడే పుట్టిందా, లేక చివర్లో పక్కపక్కనే పోతున్న ప్రోటాన్, న్యూట్రాన్ అతుక్కోగా పుట్టిందా అన్న వాదన నడుస్తూనే ఉంది. ఎల్‌హెచ్‌సీలో ఒక్కో న్యూక్లియాన్ పెరిగే కొద్దీ కేంద్రకాల దిగుబడి సుమారు 300 రెట్లు తగ్గుతుంది. 2011లో ఆర్‌హెచ్‌ఐసీలోని స్టార్ బృందం యాంటీహీలియం-4ను ప్రకటించినప్పుడు కోట్లాది ఘటనల్లోంచి దొరికినవి 18.

స్ట్రేంజ్ క్వార్కులున్న కణాలు ప్లాస్మాలో విరివిగా పుట్టాలని 1982లో యోహాన్ రఫెల్స్కి, బెర్న్ట్ మ్యూలర్ చెప్పారు. ఎస్‌పీఎస్‌లో మూడు స్ట్రేంజ్ క్వార్కులుండే ఒమేగా దిగుబడి, పాల్గొన్న న్యూక్లియాన్ల నిష్పత్తిలో చూస్తే, ప్రోటాన్ తాకిడితో వచ్చే దానికి 20 రెట్ల దాకా పెరిగింది.

అడ్డు ద్రవ్యవేగం

ఈ వర్ణపటానికి రెండు భాగాలు ఉంటాయి. 2 జీఈవీ లోపున వక్రం ఘాతీయంగా పడిపోతుంది. కణాల్లో నూటికి 95కు మించి ఇక్కడే ఉంటాయి. ఎల్‌హెచ్‌సీ ముఖాముఖి ఘటనల్లో సగటు అడ్డు ద్రవ్యవేగం పయాన్‌కు సుమారు 0.5, కేయాన్‌కు 0.87, ప్రోటాన్‌కు 1.3 జీఈవీ. బరువుతో పాటు పెరిగే ఈ వరస వేడి ఒక్కదానివల్ల వచ్చేది కాదు. పదార్థమంతా ఒకే వేగంతో బయటికి ఉబుకుతుంటే, ఆ వేగాన్ని పంచుకున్న బరువైన కణానికి ఎక్కువ ద్రవ్యవేగం దక్కుతుంది. ఆ వ్యాకోచ వేగం సగటున కాంతివేగంలో 65 శాతం దాకా ఉంటుంది.

5 జీఈవీ దాటాక వక్రం ఘాత నియమానికి మారుతుంది. ఇవి రెండు క్వార్కులో గ్లూవాన్లో నేరుగా గట్టిగా ఢీకొన్నప్పుడు పుట్టే జెట్ల తునకలు. ప్రోటాన్-ప్రోటాన్ అభిఘాతాల లెక్కన రావలసిన సంఖ్యతో నిజంగా వచ్చిన సంఖ్యను భాగిస్తే, రావలసినన్నీ వచ్చినప్పుడు ఆ నిష్పత్తి 1 ఉండాలి. ఆర్‌హెచ్‌ఐసీలో తటస్థ పయాన్లకు అది 0.2 దగ్గర తేలింది. అంటే రావలసిన ఐదింటిలో నాలుగు లేవు. ప్లాస్మాలోంచి దూసుకొచ్చే క్వార్క్ దారిలో శక్తి పోగొట్టుకుంటుందన్నది వివరణ. దీన్ని నమ్మించింది మాత్రం రెండు సరిచూపులు. 2003లో డ్యూటెరాన్లను బంగారంతో ఢీకొట్టిస్తే ఆ లోటు కనబడలేదు. బంగారు అభిఘాతాల్లోనే బలమైన బలానికి లోబడని ఫోటాన్లు రావలసినన్నీ వచ్చాయి. పోల్చడానికి సరైన ఆధారం లేకుండా ఏ వర్ణపటమూ తనంతట తానుగా ఏమీ చెప్పదు.

దిక్కోణం

రెండు కేంద్రకాలు సరిగ్గా ముఖాముఖి కాకుండా కొంత పక్కకు జరిగి ఢీకొంటే, అవి కలిసిన ప్రాంతం బాదంపప్పు ఆకారంలో ఉంటుంది. కణాలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఎగిరిపోతే అన్ని దిక్కులకూ సమానంగా పోవాలి. అది ద్రవమైతే సన్నటి పక్కన పీడనం వేగంగా పడిపోతుంది కనుక అటువైపు ఎక్కువ తోస్తుంది. ప్రదేశంలోని వంకర ద్రవ్యవేగంలోకి బదిలీ అవుతుంది. జాన్-ఈవ్ ఒల్లిట్రో 1992లో ఇదే పరీక్షగా సూచించాడు. ఆర్‌హెచ్‌ఐసీ మొదలైన కొద్ది నెలలకే స్టార్ బృందం దీర్ఘవృత్తీయ ప్రవాహ గుణకం 0.06 దాకా ఉందని ప్రకటించింది. ఈ గుణకం చూడ్డానికి చిన్నది. అర్థం మాత్రం ఒక దిక్కుకు లంబ దిక్కు కన్నా 27 శాతం ఎక్కువ కణాలు పోతున్నాయని. 3 జీఈవీ దగ్గర అది 0.2కు చేరి, ఆ తేడా రెండు రెట్లు దాటుతుంది. దాదాపు స్నిగ్ధత లేని ద్రవానికే ఇది సాధ్యం. స్నిగ్ధతకూ ఎంట్రోపీ సాంద్రతకూ ఉన్న నిష్పత్తి, 2005లో కొవ్టున్, సోన్, స్టారినెట్స్ సూచించిన కనిష్ఠ హద్దుకు ఒకటి నుంచి రెండున్నర రెట్ల లోపే ఉంటుందని ఇప్పటి అంచనా. వాయువు దొరుకుతుందనుకున్న చోట ద్రవం దొరికిందని బ్రూక్‌హేవెన్ బృందాలు 2005 ఏప్రిల్‌లో ప్రకటించాయి.

ఇక్కడే సగటు అనే పద్ధతి పరిశోధకులను చాలాకాలం దారి తప్పించింది. సగటు కేంద్రకం గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అలాంటి రెండు కలిస్తే దిక్కోణ విభాజనంలో బేసి హరాత్మకాలు (మూడు, ఐదు కోణాల ఆకారాలు) సౌష్ఠవం వల్ల సున్నా కావాలి. అందుకే త్రిభుజాకార ప్రవాహం కోసం వెతికినవారు లేరు. రెండు కణాల పొందికల్లో కనిపించిన వింత గట్లకూ జోడు శిఖరాలకూ జెట్ల అలజడితో రకరకాల వివరణలు ఇస్తూ వచ్చారు. 2010లో బురాక్ ఆల్వెర్, గుంథర్ రోలండ్ సరళమైన కారణం చూపారు: ఏ ఒక్క అభిఘాతంలోనూ న్యూక్లియాన్లు నున్నగా పరుచుకుని ఉండవు. గడ్డలు గడ్డలుగా ఉంటాయి. ఘటన ఘటనకూ ఒక త్రిభుజపు వంకర యాదృచ్ఛికంగా ఏర్పడుతుంది. దాని దిక్కు మారుతూ ఉంటుంది కనుక సగటులో మాయమవుతుంది. ఏడాది తిరగకుండా ఆర్‌హెచ్‌ఐసీ, ఎల్‌హెచ్‌సీ రెండూ దాన్ని కొలిచాయి. చతుర్భుజ, పంచభుజ ప్రవాహాలు కూడా బయటపడ్డాయి. స్నిగ్ధత ఎక్కువైతే ఈ పై హరాత్మకాలు ముందుగా అణగిపోతాయి కాబట్టి, స్నిగ్ధతను కచ్చితంగా కొలవడానికి అవే మంచి సాధనాలయ్యాయి.

హెచ్చుతగ్గులు, భారత బృందాల పాత్ర

ఘటన ఘటనకూ వచ్చే హెచ్చుతగ్గులు ఇప్పుడు స్వయంగా ఒక పరిశోధన రంగం. కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం, భువనేశ్వర్ భౌతికశాస్త్ర సంస్థ, పంజాబ్, రాజస్థాన్, జమ్మూ విశ్వవిద్యాలయాలు కలిసి నిర్మించిన ఫోటాన్ మల్టిప్లిసిటీ డిటెక్టర్లు సెర్న్‌లో డబ్ల్యుఏ93, డబ్ల్యుఏ98 ప్రయోగాల నుంచి స్టార్, ఆలిస్ దాకా పనిచేశాయి. సీసపు పలక మీద పడ్డ ఫోటాన్ జల్లుగా విచ్చుకుని వెనకనున్న చాలా గదులను వెలిగిస్తుంది. హాడ్రాన్ చాలావరకు ఒక గదినే తాకిపోతుంది. ఈ తేడాతో ఫోటాన్లను లెక్కిస్తారు. ఫోటాన్లు ఎక్కువగా తటస్థ పయాన్ల క్షయం వల్ల వచ్చేవి. కనుక ఒకే ఘటనలో ఫోటాన్లకూ విద్యుదావేశ కణాలకూ ఉన్న నిష్పత్తిని చూస్తే, తటస్థ పయాన్లు అసాధారణంగా ఎక్కువో తక్కువో అయిన ఘటనలు ఉన్నాయా అన్నది తెలుస్తుంది. డబ్ల్యుఏ98 అలా వెతికి, అలాంటి ఘటనలు లేవని చెప్పే హద్దు గీసింది. తెలుగు నేల మీద తిరుపతిలోని ఐసర్ స్టార్ బృందంలో సభ్య సంస్థ.

స్టార్‌లో పెద్ద ప్రశ్న నికర ప్రోటాన్ల హెచ్చుతగ్గులది. ప్లాస్మా, హాడ్రాన్ దశల మధ్య ఎక్కడైనా సందిగ్ధ బిందువు ఉంటే, దాని దగ్గర ఈ విభాజనం తోక అసాధారణంగా మారాలి. అందుకే 2010 నుంచి ఆర్‌హెచ్‌ఐసీ శక్తిని మెట్టు మెట్టుగా తగ్గిస్తూ బంగారాన్ని ఢీకొట్టించి, విభాజనపు నాలుగో క్రమం దాకా కొలిచారు. నాలుగో క్రమానికి చేరేసరికి డిటెక్టర్ సామర్థ్యంలో చిన్న పొరపాటైనా పెద్ద సంకేతంలా కనిపిస్తుంది. ఈ కొలతల్లో ఇంత జాగ్రత్త అవసరమయ్యేది అందుకే.

చిన్న వ్యవస్థలు

పై సూచికలన్నీ భార కేంద్రకాలకే ప్రత్యేకమనుకున్న నమ్మకాన్ని 2010లో ఎల్‌హెచ్‌సీలోని సీఎంఎస్ బృందం కదిలించింది. 7 టీఈవీ ప్రోటాన్-ప్రోటాన్ ఘటనల్లో ఎక్కువ కణాలు పుట్టినవాటిని వేరుచేస్తే, రాపిడిటీలో దూరంగా ఉన్న కణాలు ఒకే దిక్కోణంలో గట్టులా పేరుకున్నాయి. 2012లో ప్రోటాన్-సీసంలోనూ అదే కనిపించింది. 2017లో ఆలిస్ బృందం స్ట్రేంజ్ కణాల వాటా అభిఘాతపు రకాన్ని బట్టి కాక, పుట్టిన కణాల సంఖ్యను బట్టి నున్నగా పెరుగుతోందని చూపింది. ప్రోటాన్, ప్రోటాన్-సీసం, సీసం బిందువులు దాదాపు ఒకే గీత మీద కూర్చున్నాయి. ప్రవాహం ఉంది, స్ట్రేంజ్ పెరుగుదల ఉంది, జెట్ల లోటు మాత్రం చిన్న వ్యవస్థల్లో కనబడలేదు.

ఆ చిన్న వ్యవస్థలకూ సీసానికీ మధ్యనున్న ఖాళీని పూరించడానికి 2025 జులైలో ఎల్‌హెచ్‌సీలో 16 న్యూక్లియాన్ల ఆక్సిజన్‌ను, తర్వాత నియాన్‌ను 5.36 టీఈవీ దగ్గర ఢీకొట్టించారు. ఆక్సిజన్ అభిఘాతాల్లో 6 జీఈవీ ప్రాంతంలో రావలసినవాటితో వచ్చినవాటిని పోల్చే నిష్పత్తి సీఎంఎస్‌కు 0.7 వచ్చింది. సీసంలో కనిపించే 0.14తో పోలిస్తే స్వల్పమే కానీ, లోటు ఉంది.